పిట్ట ముట్టని పొద్దు

ఆ పొద్దున ఆకాశానికి రంగే లేదు. సిమెంటు సంచి దులిపితే లేచే దుమ్ములాంటిదేదో సముద్రం మీది నుంచి ఊరిదాకా పరుచుకుని, సూర్యుడు ఎక్కడ లేచాడో కూడా తెలియనివ్వలేదు. గాలి మాత్రం ఒకటే తీరుగా, ఆగకుండా, సన్నటి ఇసుకను చెంపకు కొడుతూ ఉంది. మంచిదే అనుకున్నాను. ఎర్రగా, చూడచక్కగా తెల్లారి ఉంటే నాకు ఇంకా కోపం వచ్చేది. కర్జకాన్ దాటాక కూరగాయల పికప్ నడిపే బెంగాలీ భాయ్ మమ్మల్ని రోడ్డు పక్కన దింపి వెళ్ళిపోయాడు. నేను ముందు, గంగన్న బావ వెనక. నా చేతిలో నీళ్ల సీసా, చాయ్ ఫ్లాస్కు. అతని చేతిలో మూడు గిన్నెల టిఫిన్. మా అక్క దుర్గవ్వ, అంటే అతని పెళ్లాం, చనిపోయి మూడు రోజులైంది. ఊళ్లో ఆమెకు పిట్టకు పెడుతున్నారు. మేమిద్దరం పోలేదు గనక మా వంతు మేం ఇక్కడే, ఈ అరబ్బు దేశపు సముద్రపు ఒడ్డునే పెట్టాలి. శుక్రవారం కాబట్టి నాకు డ్యూటీ లేదు. బావకు ఏ వారమూ డ్యూటీ అనేది లేదు, దొరికిన పని దొరికినప్పుడు, దాక్కుంటూ.

పిట్టకు పెట్టడమంటే, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, దూరం జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు నోట్లో పెట్టకూడదు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో ఉండిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ బర్రెను అమ్మం, నీ తల్లికి తక్కువ చెయ్యం అని చెప్పాలి. ఏ మాట కోసం ఆగిందో ఆ మాట పడ్డాక కాకి దిగుతుంది. మా నాయనకు పెట్టినప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చిందాకా దిగలేదు, అక్క ఎండలో చెప్పుల్లేకుండా ముందుకు పోయి, తమ్మున్ని నేను సాత్త నాయినా, అని ఒక్క మాట అన్నది, దిగింది. అప్పుడు నాకు ఆరేళ్లు. ఆ మాటకు ఎంత బరువుంటుందో ఆమె తర్వాత ముప్పై ఏళ్లు మోసి చూపించింది. ఇప్పుడు ఆమె ఏ మాట కోసం ఆగుతుందో నాకు మంగళవారమే తెలిసిపోయింది. బావను నేను చూసుకుంటాను, అన్న మాట. అది నా నోటి నుంచి రాకూడదని కూడా మంగళవారమే అనుకున్నాను. పిట్టకు పెట్టడం అయిపోగానే, తుబ్లీలో నా గది నుంచి నీ సంచి తీసుకొని పో, అని చెప్పేద్దామనుకున్నాను.

గేటుకు తాళం ఉంటే పక్కన రాళ్ల మీది నుంచి దాటి మెట్ల దారి పట్టాం. ఆ దారి నేను కట్టిందే. పోయిన చలికాలం నాలుగు నెలలు, ఈ ఒడ్డు పొడుగునా, కింద సముద్రం, పైన పాత దీపస్తంభం, మధ్యలో షికారుకొచ్చేవాళ్లు నడవడానికి రాతిమెట్లు, వంపు దగ్గర నడుమెత్తు గోడ. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చే గోడ. ఇక్కడివాళ్లు దీన్ని కొండ అంటారు, మా కోరుట్ల కాడైతే దిబ్బ అని కూడా అనం, గుంట తవ్వి పోసిన మట్టి అంటాం. కానీ అంచు మాత్రం నిటారుగా తెగి ఉంటుంది, కింద నీళ్లు రాతిని నాకుతూ ఉంటాయి, కాలు జారితే ఎత్తు తక్కువని ఏమీ జాలిపడదు. ఒక్కో మెట్టు మీద కాలు పెడుతుంటే ఆ రాయి గుర్తుకొస్తోంది. ఇది మూడుసార్లు తిప్పితే గాని కూర్చోలేదు. ఇది మొదటిసారికే కూర్చుంది. దీని కింద ఖుబ్బూసు రొట్టె చుట్టిన కాగితం మడిచి పెట్టాను, సూపర్‌వైజర్ చూడలేదు. రాయి ఎటు వాలాలనుకుంటుందో ముట్టుకుంటే నాకు తెలుస్తుంది. చేత్తో కాదు, అరికాలుతోనే తెలుస్తుంది. అట్లాంటివాణ్ణి, ఒకే గదిలో, మూడడుగుల దూరంలో పడుకునే మనిషి ఎటు వాలుతున్నాడో ఎనిమిది నెలలు తెలుసుకోలేదు. ఈ ఆలోచన రాగానే మెట్టును కాలితో తన్నాను. అది కదల్లేదు. నేను కట్టిన మెట్టు.

"పోశన్నా, జెర్ర మెల్లగ నడువు. పులుసు ఒలుకుతది."

నేను మెల్లగా నడవలేదు. వెనక అతని చెప్పుల చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. యాభై నాలుగేళ్ల మనిషి. కంపెనీ వదిలేసి కాగితాలు లేకుండా తిరిగేవాణ్ణి మావాళ్లు ఖల్లివల్లి అంటారు, బావ నాలుగేళ్ల నుంచి ఖల్లివల్లి. పట్టుకుంటే లోపలేస్తారు, తనంతట తాను పోయి నిలబడితే కాగితం రాసి ఇంటికి పంపిస్తారు, మళ్లీ రానియ్యరు. మళ్లీ రావడానికి ఏం మిగిలిందని, పో బావా, అని ఏడాది నుంచి చెప్తున్నాను. పోతా పోతా అంటాడు. మహూజ్‌లో ఒక ఇంట్లో చెట్లకు నీళ్లు పడతాడు, మెట్లు కడుగుతాడు, పొద్దుగూకితే మా క్యాంపు వెనక గేటు నుంచి దొంగపిల్లిలా లోపలికొచ్చి నా గదిలో వంట చేస్తాడు. గది నా పేరు మీద. నేనున్నంత కాలమే ఆ గది అతనికి ఉన్నట్టు. నేను ఊరికి పోతే మర్నాటికల్లా ఆ మంచం మీద ఇంకొకడు పడుకుంటాడు, అతను బజార్లో పడతాడు. ఈ లెక్క అతనికి తెలియదా, నాకంటే బాగా తెలుసు.

మంగళవారం చాయ్ టైములో మేనకోడలు లక్ష్మిప్రసన్న ఫోన్ చేసింది. మామా, అమ్మ సచ్చిపోయింది, అన్నది. నేను ఏమన్నానో గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాము గరిసిందా, అన్నాను. నిన్న మొన్నటిదాకా బాగున్న మనిషి చనిపోతే మా ఊళ్లో మొదట వచ్చే ఆలోచన అదే మరి. పిల్ల ఏడుపు ఆపేసింది. అదేంది మామా, దసరా కాన్నుంచి అమ్మ దవఖానలనే ఉండె గదా, రొమ్ముల గడ్డ, బాపు నీకు చెప్పలేదా? అన్నది. నా చేతిలో చాయ్ కప్పు ఉంది. పక్కన కేరళాయన ఏదో నవ్వుతున్నాడు. బాపు నాకు చెప్పలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది, చలి పోయింది, బాపు రోజూ పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాడు గాని ఇది మాత్రం చెప్పలేదు. అతను పోలేదు, సరే, కాగితాల్లేవు, పోతే మళ్లీ రానియ్యరు. నాకున్నాయి. నా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు, అడిగితే నెలరోజులు ఇచ్చేవాడు. అక్క కళ్లు తెరిచి ఉండగా పోయి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. మాట్లాడేవాణ్ణి కాదు, నాకు మాటలు రావు, కూర్చునేవాణ్ణి. ఇప్పుడు పోయినా చూసేది బూడిదనే, అందుకే పోలేదు. ఆ కూర్చోవడాన్ని ఇతను నా దగ్గర నుంచి తీసేసుకున్నాడు.

ఆ సాయంత్రం గదికి పోయి గడపలో నిలబడి, ఎందుకు చెప్పలే, అని అడిగాను. అతను ఉల్లిగడ్డ కోస్తున్నాడు. కత్తి ఆపకుండా, మీ అక్కనే చెప్పద్దన్నది, పనిడిశిపెట్టి ఉరికొస్తవని, అన్నాడు. అబద్ధమని అప్పుడే తెలిసింది. నిజం చెప్పే మనిషి కత్తి ఆపుతాడు. అప్పటి నుంచి అతను వండింది నేను ముట్టలేదు. మూడు రోజులుగా రోడ్డు మీద హోటల్లో ఖుబ్బూసు, చాయ్. అతను రోజూ నాకు ఒక గిన్నెలో తీసి మూతపెట్టాడు, పొద్దున్నే ఆ గిన్నె కడిగి బోర్లించాడు. ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది.

వంపు తిరిగితే దీపస్తంభం. ఎప్పటిదో, ముత్యాల పడవల కాలం నాటిదంటారు. ఇప్పుడు పైన దీపం లేదు, అద్దాల గది లేదు, ఇనుప కమ్మీలు మాత్రం మిగిలాయి, వాటి మీద రెండు బూడిద మెడ కాకులు. కాకుల్ని చూసి ఇక్కడే అనుకున్నాను. రాతిమెట్లు కడుతున్నప్పుడు కూడా అవి అక్కడే ఉండేవి, మా అన్నం మీద కన్నేసి. అంతలో కింద గేటు దగ్గర నుంచి కేక.

"ఏవండోయ్! ఇంకా తాళం తీయలేదండి. ఎనిమిదింటికండి!"

యూనిఫారం, టోపీ, చేతిలో ప్లాస్టిక్ కవరు. కాపలా మనిషి. నేను నిలబడ్డాను. వెనక్కి చూస్తే బావ లేడు. నేను కట్టిన గోడ వెనక కూలబడి ఉన్నాడు. టిఫిన్‌ను పొట్టకు అదుముకుని, తల మోకాళ్లలో పెట్టుకుని. రంగేసిన జుట్టు కింద తెల్లగా మొలిచిన మొదళ్లు, చొక్కా కాలర్ లోపల కందిన మెడ. అది చూసి నాకు జాలి వచ్చి ఉంటే బాగుండేది. కోపమే వచ్చింది. పెళ్లానికి పిట్టకు పెట్టడానికి వచ్చి గోడ చాటున దాక్కునే బతుకు ఎందుకు తెచ్చుకున్నావు, తెచ్చుకున్నవాడివి నన్నెందుకు అందులోకి లాగావు, అని మనసులో అరిచాను. పైకి మాత్రం, పిట్టకు పెట్టాలె, అని కాపలా మనిషితో అన్నాను.

అతను దగ్గరికొచ్చి నా మొహం చూసి, కవరు కింద పెట్టాడు. "ఇందాకే మీ మాటలు వినపడ్డాయండి, తెలుగోళ్లేననుకున్నాను! మాట చూస్తే కరీంనగర్ సైడులా ఉందండి. నా పేరు మంగరాజండి, మాది అంతర్వేది దగ్గరండి. ఎవరు పోయారండి?"

"అక్క."

"అయ్యో." టోపీ తీసేశాడు. "మా ఊళ్లోనూ ఉందండి ఇలాటి స్తంభం. దానికైతే ఇంకా దీపం ఎలుగుద్దండి. దీనికి నేనే దీపమండి, రాత్రి టార్చీ ఏసుకుని." నేను నవ్వలేదు. అతనూ ఆగిపోయి, గోడ వైపు గడ్డంతో చూపించాడు. "ఆయన్ని లేవమనండి బాబూ. నాకు యూనిఫారం ఉంది గానండి, నేను పోలీసుని కాదండి. నా టిఫిను తినే టైముకి వచ్చినోళ్లని నేనసలు చూడనే చూడనండి." మళ్లీ తనే, "ఆ కాకులు మాత్రం ఈ పక్కకి రావండి. రోజూ నేను ఆ స్తంభం కింద చప్టా మీదే ఇడ్లీముక్కేస్తానండి, అక్కడ పెట్టుకోండి. ఎనిమిదిలోపు ఎత్తేయండి, పెద్దోళ్లు నడకకొస్తారు," అని చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని గేటు వైపు పోయాడు. మా ఆకు పెట్టబోయే చోటి పక్క నుంచి వట్టి కాళ్లతో నడిచిపోయాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి అంత తెలుసు. బావ మెల్లగా లేచాడు. మోకాళ్లకంటిన రాతిపొడి దులుపుకోలేదు.

చప్టా మీద అతను ఆకు పరిచాడు. మోదుగాకు ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ? మహూజ్‌లో తాను నీళ్లు పట్టే బాదంచెట్టు ఆకులు కోసుకొచ్చి, చీపురుపుల్లలు విరిచి కుట్టాడు. కుట్టు ఎడమ నుంచి కుడికి కాకుండా కుడి నుంచి ఎడమకు పోయింది. అట్లా కుట్టేది అక్క, ఆమె ఎడమచేతివాటం. ఇతను కుడిచేతి మనిషి. ఎన్నేళ్లు చూస్తే అట్లా వస్తుంది? నేను చూపు తిప్పుకున్నాను. బువ్వ, ఎండుచేపల పులుసు, ఉడికిన గుడ్డు, సర్వపిండి రొట్టె ముక్క, చక్కెర ఎక్కువేసిన చాయ్ చిన్న గ్లాసులో, ఆకువక్క. చాయ్ అంటే అక్కకు ప్రాణం. బీడీలు చేస్తూ పొద్దంతా చాట ఒళ్లోనే ఉండేది, అన్నం మానేసేది గాని చాయ్ మానేది కాదు. బావ జేబులో నుంచి ఎర్ర దారపుండ తీసి, కొంచెం తెంపి, ఆకు పక్కన పెట్టాడు. బీడీకి చుట్టే దారం లాంటిదే. అదెందుకు, అని అడగబోయి అడగలేదు. ఇద్దరం వెనక్కి జరిగి, నా గోడను ఆనుకుని నిలబడ్డాం, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

కాకులు చూశాయి. కదల్లేదు. ముందు వచ్చినవి తెల్ల సముద్రప్పిట్టలు, నాలుగైదు, పిల్లి అరిచినట్టు అరుస్తూ. నేను రాయి తీసుకుని విసిరాను. మళ్లీ వచ్చాయి. మళ్లీ విసిరాను. గేటు దగ్గర నుంచి మంగరాజు, "అవీ పిట్టలే కదండీ!" అని కేకేశాడు. మాకు కాకే, అని నేనూ కేకేశాను. ఆ పొద్దున నేను గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే. చేయి నొప్పెట్టేదాకా రాళ్లు విసిరాను. ఆ పిట్టల్నే కొట్టానో, దసరా నుంచి పోయిన నెలల్ని కొట్టానో. ఒక రాయి పోయి నీళ్లలో పడ్డ చప్పుడు కూడా రాలేదు. బావ ముందుకు పోయి చేతులు జోడించాడు. "దుర్గా, మన పిల్లగాన్ని నడిమిట్ల మాన్పియ్య, ముఖేష్‌ను ఎంతదాక సదువుతనంటె అంతదాక సదివిస్త." ఆగాడు. కాకి మెడ తిప్పి సముద్రం వైపు చూసింది. "ఇంటెన్క చింతచెట్టు కొట్టనియ్య. మీ అవ్వ ఇచ్చిన చేతికడాలు లచ్చిమికే పెడ్త. తంబాకు బందు చేస్త, నీ మీదొట్టు." ఏదీ కాదు. ఏదీ కాదని నాకు తెలుసు. చెప్పాల్సినవాణ్ణి నేను. పెదాలు బిగించుకుని నిలబడ్డాను.

తంబాకు అనగానే ఆ వాసన. అక్క వేళ్లది. నన్ను చంకనేసుకుని బీడీల కార్ఖానాకు పోయేది, ఆమెకు పదహారు, నాకు ఆరు, పెద్దపిల్లాణ్ణి, కాళ్లు నేలకు తగులుతుంటే కూడా దించేది కాదు. నీకు ముళ్లు గుచ్చుకుంటయి, అనేది. బడికి పంపింది. ఏడో తరగతి దాకా నా పలక, పుస్తకాలు, నా నిక్కరు, అన్నీ ఆ వేళ్ల నుంచే వచ్చాయి. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం చుట్టి, చూడకుండానే, నాతో మాట్లాడుతూనే. నేను మాట్లాడేవాణ్ణి కాదు. నువ్వు మాట్లాడవు గాని అన్నీ చూస్తవురా పోశిగా, కండ్లతోనే తింటవు మనుషుల్ని, అనేది. బావతో పెళ్లయినప్పుడు నన్నూ వెంట తీసుకుపోయింది. మర్యాదగా ఒప్పుకున్నాడు బావ, అది నిజం. ఒకే పళ్లెంలో కూర్చోబెట్టుకుని తినేవాడు. సర్వపిండి చేస్తే గిన్నె అడుగున అంటుకున్న మాడు అంచు నాకు తీసిపెట్టేది అక్క, బావ చెయ్యి చాపితే కొట్టేది, తమ్మునిది అది, అని. బావ నవ్వేవాడు. ఆ నవ్వు గుర్తొచ్చి నాకు మళ్లీ కోపం వచ్చింది. నవ్వినవాడివి, నన్ను పెంచినవాడివి, చివరికి నీకు ఒక మంచం ముఖ్యమైందా?

ఫోన్ మోగింది. లక్ష్మిప్రసన్న. స్పీకర్ పెట్టాను, వద్దనుకుంటూనే.

"మామా, ముట్టింది. నేను పోయి ముఖేష్‌ను చూస్కుంటనే అమ్మా అన్న, వెంటనే దిగింది. గుడ్డు ఎత్కపోయింది. అందరు తింటున్నరు. మీరు పెట్టిండ్రా? బాపేడి?"

"ఈడనే ఉన్నడు," అన్నాను.

"బాపుతోని తినిపియ్యి మామా. మంగళారం కాన్నుంచి తింటలేడట. ఫోన్ల గొంతే లేస్తలేదు." వెనక ఎవరో ఆమెను పిలిచారు, పెట్టేసింది.

బావ నేల చూస్తూ, "ఆడ ముట్టింది గదా. ఇంక పెద్దోళ్లు నడువనొస్తరట. నువ్వన్న తిను పోశన్నా," అన్నాడు.

"ఈడ ముట్టలే," అన్నాను.

అంటే అతను మంగళవారం నుంచి తినలేదు. నాకు గిన్నెలో తీసి మూతపెట్టి, పొద్దున అదే గిన్నె కడిగి బోర్లించి, తను మాత్రం తినకుండా. నేను చూశాను. పొద్దున్నే సింకులో ఒక్కటే గిన్నె ఉండేది, రెండో పళ్లెం తడి లేకుండా పొడిగా ఉండేది. చూశాను, అనుకోలేదు. ఈ మాట దగ్గర నా కోపం దారి తప్పింది. రాయి వాలు తెలిసినవాణ్ణి కదా. దసరా తర్వాత అక్క వీడియో ఎందుకు బంద్ చేసింది? నెట్టు వస్తలేదు తమ్మీ, అనేది, అదే నెట్టులో పిల్ల ఫోటోలు వచ్చేవి. ఒక్కసారి పొరపాటున కెమెరా ఆన్ అయితే తల మీద కొంగు ముందుకు లాక్కుంది, మా అక్క ఎప్పుడూ కొంగు కప్పుకునే మనిషి కాదు, కొప్పు చూసుకుని మురిసేది. కొంగు కింద కొప్పు ఎత్తు లేదు. చూశాను. దగ్గరివాళ్లెవరు సెలవు మీద పోయి వచ్చినా ఆమె పంపే సర్వపిండి, పచ్చడి సీసా రావడం ఆగిపోయింది. చూశాను. బావ ఫోన్ పట్టుకుని స్నానాలగదిలోకి పోయి నల్లా తిప్పేవాడు, నీళ్ల చప్పుడు వెనక ఇంకో చప్పుడు ఉండేది. విన్నాను. అటు తిరిగి పడుకున్నాను. అడిగితే చెప్పాల్సి వచ్చేది అతను. చెబితే పోవాల్సి వచ్చేది నేను. నేనెప్పుడూ అడగను, అదే నా మంచితనమని ఊళ్లో అందరూ అంటారు, పోశన్న ఒకరి జోలికి పోడు, అని. మండిపోతోంది ఒళ్లంతా. ఎనిమిది నెలలు ఒకే గదిలో ఇద్దరం ఒకే చావును పక్కన పెట్టుకుని పడుకున్నాం, ఒకడు చెప్పకుండా, ఒకడు అడగకుండా.

బావ మళ్లీ ముందుకు పోయాడు. ఈసారి చేతులు జోడించలేదు. కిందికి వేలాడేసి, ఆకుకు రెండడుగుల దూరంలో కూర్చున్నాడు, మా ఇంట్లో చాట ముందు ఆమె ఎదురుగా కూర్చున్నట్టు. నా వైపు చూడకుండా, గాలికి వినపడీ వినపడనట్టు మాట్లాడాడు.

"దుర్గా. నువ్వు చెప్పద్దన్లే. నువ్వు చెప్పమన్నవు. మూడుమాట్ల చెప్పమన్నవు. తమ్మున్ని ఒక్కసారి సూడాలె అన్నవు. నేనే చెప్పలే. వాడు పోతే నేనొక్కన్నయిత, దొరుకుత, జైల్ల ఏస్తరు, నువ్వు బతికుండంగ ఇంటికి రానేరాననుకున్న. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. వానికి నీ మీద అబద్ధం చెప్పిన. నువ్వు నామీద కోపానికొస్తే నాకే రా, పోశిగాన్ని ఉపాసం ఉంచకు. సంచి గూడ సదురుకున్న. వాడు పొమ్మనకముందే పోత."

సంచి. నిజమే, పొద్దున తలుపు దగ్గర జిప్పు వేసి ఉంది, చాప చుట్టి దాని మీద కట్టి ఉంది. అదీ చూశాను.

మూడుసార్లు చెప్పమన్నదట. తమ్మున్ని ఒక్కసారి చూడాలన్నదట. పోయి అతని మెడ పట్టుకుని లేపి ఆ అంచు మీది నుంచి తోసేద్దామనిపించింది, అది అబద్ధం చెప్పను, చేతులు కూడా లేచాయి. అతను లేవలేదు, కాచుకోలేదు. ఆకు పక్కన ఎర్ర దారం గాలికి దొర్లబోతే వేలితో అదిమి పట్టుకున్నాడు. ఆ వేలు. నేను చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే నుదుటి మీద పెట్టి చూసే వేలు. మా నాయనకు పెట్టిన పొద్దు గుర్తొచ్చింది, చెప్పుల్లేకుండా ఎండలో నిలబడ్డ పదహారేళ్ల పిల్ల. ఆమెకు మాత్రం మా నాయన మీద కోపం లేదా, తాగి మా అమ్మను కొట్టి, ఆమె పోయేదాకా కొట్టినవాడి మీద? ఉంది. ఆ కోపంతోనే అన్నది ఆ మాట. పళ్లు బిగించి అన్నది. ఇన్నేళ్లూ అది ప్రేమతో అన్నదనుకున్నాను.

నేను చెప్పులు విడిచి ముందుకు పోయాను. చప్టా చల్లగా, ఇసుకతో గరుగ్గా ఉంది. బావ పక్కన నిలబడ్డాను.

"అక్కా. బావను నేను చూస్కుంట. కాగితం రాపిచ్చి నేనే తోల్కపోత ఇంటికి. వీని మీద నాకు కోపం పోలే. పోదు గుడ. గని చూస్కుంట. ఇగ ముట్టు."

బావ మోకాళ్ల మీదికి వంగిపోయాడు. చప్పుడు లేదు, వీపు మాత్రం కదులుతోంది. నేను అతన్ని ఓదార్చలేదు. భుజం పట్టుకుని లేపి వెనక్కి తీసుకుపోయాను, సామాను జరిపినట్టు. గోడ దగ్గర నిలబడ్డాం. కాకి వెంటనే రాలేదు. మంగరాజు గేటు తాళం తీస్తున్న చప్పుడు వినబడింది, కింద రోడ్డు మీద కారు తలుపులు వేశారు. ఇంక ఎత్తేయాలేమో అనుకునే వేళకు ఒక కాకి కమ్మీ మీది నుంచి జారి, గాలికి అడ్డంగా వచ్చి, చప్టా చివర దిగి, అడ్డంగా రెండు గెంతులు గెంతి, సర్వపిండి ముక్క ముక్కున కరుచుకుని పోయింది. రెండోది గుడ్డు మీద పడింది. చాయ్ గ్లాసు పడిపోయింది. ఆ మాటకు వచ్చిందో, ఆకలికి వచ్చిందో నాకు తెలియదు. నేను తెలుసుకోదలుచుకోలేదు.

గోడ అవతల, గాలి తగలని చోట కూర్చున్నాం. పొద్దున బావ దాక్కున్న చోటే. టిఫిన్ విప్పాడు. పళ్లేలు తేలేదు, మూతలో బువ్వ వేసి పులుసు పోశాడు, నాకు తోశాడు. నేను మధ్యకు జరిపాను. షికారుకొచ్చినవాళ్లు చేతికర్రలు టకటకలాడించుకుంటూ నా మెట్ల మీది నుంచి పోతున్నారు, ఎవరూ మా వైపు చూడలేదు. అడుగు గిన్నెలో సర్వపిండి ఉంది, మధ్యలో వేళ్లతో గుచ్చిన రంధ్రాలు, అక్కవాటి కంటే పెద్దవి, లావు వేళ్లవి. చుట్టూ మాడు అంచు. అతను దాన్ని జాగ్రత్తగా, విరగకుండా, గోరుతో చుట్టూ తెంపి నా వైపు పెట్టాడు. నేను దాన్ని రెండుగా విరిచాను. సగం అతని ముందు పెట్టాను. తర్వాత ఇద్దరం తిన్నాం. పులుసులో ఉప్పు తక్కువైంది. అతను అడగలేదు, నేను చెప్పలేదు.